మీ అడ్రస్ నుంచే మీకు బెదిరింపు మెయిల్ వస్తే ఏం చేయాలి?

మా బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకి ఫోన్ చేసి, "ఒరేయ్, మీ పిన్ని లేవకముందే ఒక్క మాట చెప్పు. నా మెయిల్ నుంచి నాకే మెయిల్ ఎలా వస్తుందిరా?" అన్నారు. గొంతు వణుకుతోంది. పెన్షన్ కాగితమేదో రావాల్సి ఉండి, స్పామ్ ఫోల్డర్‌లో వెతుకుతుంటే ఒక మెయిల్ కనిపించిందట. పంపినవారి చోట ఆయన అడ్రసే ఉంది. లోపల ఇంగ్లిష్‌లో బెదిరింపు: నీ ఫోన్ నా చేతిలో ఉంది, కెమెరాలోంచి నిన్ను వీడియో తీశాను, నమ్మకపోతే ఈ మెయిల్ ఎవరి అకౌంట్ నుంచి వచ్చిందో చూసుకో, 48 గంటల్లో బిట్‌కాయిన్ రూపంలో డబ్బు పంపకపోతే మీ వాళ్లందరికీ ఆ వీడియో పంపిస్తాను.

బిట్‌కాయిన్ అంటే ఏమిటో బాబాయికి తెలియదు. అయినా రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నారు. ఆ మెయిల్‌లో నిజం ఒక్కటీ లేదని, వీడియో లేదని, అకౌంట్‌లోకి ఎవరూ రాలేదని ఆయనకి నమ్మకం కలిగించడానికి నాకు గంట పట్టింది. ఆ గంటలో ఆయనకి చెప్పినవీ, తర్వాత ఆఫీసు మెయిళ్ల గురించి వేరే వాళ్లు అడిగితే చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇదెలా సాధ్యమో తెలుసుకోవాలి

ఇన్‌లాండ్ లెటర్లు రాసిన రోజులు గుర్తున్నాయా? వెనకవైపు పంపేవారి అడ్రస్ మనమే రాసేవాళ్లం. అక్కడ కలెక్టర్ గారి పేరు రాసినా పోస్ట్‌మ్యాన్ ఆపడు. ఉత్తరం ఎవరికి చేరాలన్నదే ఆయనకి ముఖ్యం. ఈమెయిల్ కూడా అలాగే మొదలైంది. మెయిల్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి చేర్చే ఎస్ఎంటీపీ అనే పద్ధతిని 1982లో రాశారు. అప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు చాలావరకు యూనివర్సిటీల వాళ్లు, పరిశోధకులు. పంపినవాడు నిజంగా వాడేనా అని అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మెయిల్‌కి పంపినవారి అడ్రస్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కవరు మీద, ఒకటి లోపలి ఉత్తరం మీద. సర్వర్లు చూసుకునేది కవరు మీదది. మన స్క్రీన్ మీద 'ఫ్రమ్' అని కనిపించేది లోపలిది. ఈ రెండూ ఒకటే కావాలన్న నియమమేమీ లేదు. పంపినవారి చోట వేరొకరి అడ్రస్ రాయడాన్నే స్పూఫింగ్ అంటారు. అందుకు మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, మీ అకౌంట్‌లోకి రానక్కర్లేదు.

దీనికి తర్వాత మూడు తాళాలు వచ్చాయి. మొదటిది ఎస్పీఎఫ్: మా పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది అని డొమైన్ (అడ్రస్‌లో 'ఎట్' గుర్తు తర్వాత ఉండే పేరు) యజమాని బయట పెట్టే జాబితా. రెండోది డీకిమ్: ఉత్తరం మీద వేసే లక్కముద్ర లాంటిది, దారిలో ఎవరైనా మార్చితే ముద్ర పగులుతుంది. మూడోది 2012లో వచ్చిన డీమార్క్: కవరు మీద పేరో, ముద్ర మీద పేరో లోపలి పేరుతో కలవాలి, ఏదీ కలవకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో యజమాని ముందే చెప్పి ఉంచుతాడు. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకి ఈ మూడూ ఉండి తీరాలని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబట్టాయి. కానీ చిన్న కంపెనీలు, స్కూళ్లు, ట్రస్టుల డొమైన్లలో చాలావాటికి ఇప్పటికీ ఈ తాళాలు సరిగ్గా ఉండవు. దొంగలు వెతికేది అలాంటి పేర్ల కోసమే.

1. మెయిల్‌ని అలాగే ఉంచి, చేతులు వెనక్కి తీసుకోండి

లింకు నొక్కకండి, అటాచ్‌మెంట్ తెరవకండి, "ఎవరు నువ్వు" అని జవాబు కూడా ఇవ్వకండి. జవాబిస్తే ఈ అడ్రస్ వెనక మనిషున్నాడని వాడికి తెలుస్తుంది. మెయిల్ తెరిచి చదివారా? కంగారు లేదు, చదివినంత మాత్రాన ఏమీ అయిపోదు. అలాగని కోపంతో డిలీట్ చేయకండి. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే సాక్ష్యం.

2. పేరు కాదు, అడ్రస్ చూడండి

ఫోన్‌లో మెయిల్ తెరిస్తే పంపినవారి పేరు మాత్రమే పెద్దగా కనిపిస్తుంది. ఆ పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. ఎక్కువ దొంగ మెయిళ్లలో ఉండేది ఈ చవకబారు ఎత్తే: పేరు బ్యాంకుది, వెనక అడ్రస్ ఏదో ఉచిత అకౌంట్‌ది. జీమెయిల్ యాప్‌లో పేరు కింద 'టు మీ' అని ఉన్నచోట నొక్కితే పూర్తి అడ్రస్ బయటపడుతుంది.

అడ్రస్‌లో 'ఎట్' గుర్తు తర్వాత ఉన్న భాగాన్ని చివరి నుంచి వెనక్కి చదవండి. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, ఇంటర్నెట్‌లో వెనకొస్తుంది. స్టేట్ బ్యాంక్ సైటు 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్'. ఎవడైనా 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ వెరిఫై-కేవైసీ డాట్ కామ్' అని పెడితే, దాని ఇంటిపేరు 'వెరిఫై-కేవైసీ డాట్ కామ్'. ముందున్నదంతా ఊరికే తగిలించుకున్న బిరుదులు.

తర్వాత అక్షరాలు. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే అచ్చం 'ఎమ్'లా ఉంటుంది. చిన్న 'ఎల్' బదులు ఒకటి అంకె, 'ఓ' బదులు సున్నా పెడతారు. ఫోన్ స్క్రీన్ మీద ఈ తేడా కళ్లద్దాలు పెట్టుకున్నా తెలియదు. అనుమానముంటే అడ్రస్‌ని కాపీ చేసి నోట్స్‌లో పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి చూడండి.

'రిప్లై-టు' అనే ఇంకో గడి కూడా ఉంటుంది. పంపినవారి అడ్రస్ మీ కంపెనీదే అయినా, మీరు జవాబిస్తే అది వెళ్లే చోటు వేరే కావచ్చు. 'రిప్లై' నొక్కి, 'టు' దగ్గర ఎవరి అడ్రస్ పడిందో చూడండి. చూసి, ఏమీ రాయకుండా వెనక్కి వచ్చేయండి.

3. తెర వెనక్కి వెళ్లి చూడండి

అడ్రస్ కూడా సరిగ్గానే ఉంది, అయినా అనుమానం పోలేదు. అప్పుడు కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. ఫోన్ యాప్‌లో ఇది దొరకదు. అక్కడ 'టు మీ' కింద 'వ్యూ సెక్యూరిటీ డీటెయిల్స్' అని ఉంటుంది, మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చింది, ఏ డొమైన్ ముద్ర వేసింది అన్నంతవరకు అది చెబుతుంది.

షో ఒరిజినల్ పేజీలో కింద కనిపించే గజిబిజి చూసి భయపడకండి. పైన చిన్న పట్టికలో ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని వరుసలుంటాయి, పక్కన పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది. ముందు డీమార్క్ చూడండి. ఫెయిల్ అని ఉంటే, 'ఫ్రమ్'లో ఉన్న పేరుకీ నిజంగా పంపినవాడికీ సంబంధం ఉందని రుజువు కాలేదన్నమాట. బాబాయికి వచ్చిన మెయిల్‌లో ఎస్పీఎఫ్ ఫెయిల్, డీమార్క్ ఫెయిల్, డీకిమ్ అసలు లేనేలేదు. స్పామ్ ఫోల్డర్‌లో పడిందంటేనే మెయిల్ సర్వీసు దాన్ని అప్పటికే పట్టుకుందని అర్థం. ఆయన దాన్ని అక్కడి నుంచి తవ్వి తీసి చదువుకున్నారు!

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పరీక్షలో ఫెయిల్ అయిన ప్రతి మెయిలూ దొంగది కాదు. మీ కాలేజీ పాత విద్యార్థుల గ్రూపు లాంటి చోట నుంచి ఫార్వర్డ్ అయి వచ్చిన మంచి మెయిల్ కూడా దారిలో చేతులు మారడం వల్ల ఫెయిల్ కావచ్చు.

రెండోది ఇంతకన్నా ముఖ్యం. పాస్ అంటే మంచివాడని కాదు. హాల్ టికెట్ మీద ఫొటో కలిస్తే పరీక్ష రాసేవాడు వాడేనని తెలుస్తుంది, ఏం చదివాడో తెలియదు కదా. దొంగ తన సొంత డొమైన్ కొనుక్కుని మూడు తాళాలూ చక్కగా వేసుకోవచ్చు. అప్పుడు మూడూ పాసే. కాబట్టి పాస్ అని కనిపిస్తే, పాస్ అయింది ఏ డొమైనో పక్కనే చదవండి. అది మీ బ్యాంకుదా, 'వెరిఫై-కేవైసీ'దా?

4. బెదిరింపు మీ అడ్రస్ నుంచే వస్తే

ముందు మీ 'సెంట్' ఫోల్డర్ చూడండి. వాడు నిజంగా మీ అకౌంట్‌లోంచి పంపితే మామూలుగా అక్కడ కాపీ ఉంటుంది. లేకపోతే చాలావరకు అది పేరు దొంగతనమే. అయితే వాడు దాన్ని తుడిచేసి ఉండొచ్చు కాబట్టి అక్కడితో ఆగకండి. కంప్యూటర్‌లో జీమెయిల్ ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు 'డీటెయిల్స్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నొక్కితే ఈమధ్య అకౌంట్ ఎక్కడెక్కడి నుంచి తెరిచారో చూపిస్తుంది. మీ ఊరు, మీ ఫోన్ తప్ప ఇంకేమీ లేకపోతే స్థిమితపడండి.

కొన్ని మెయిళ్లలో మీ పాస్‌వర్డ్ కూడా రాసి ఉంటుంది. 2018లో ఈ రకం దేశదేశాలకీ వరదలా వచ్చింది. చూడగానే గుండె జారుతుంది. కానీ పరిశీలిస్తే అది ఎప్పుడో ఏ షాపింగ్ సైట్‌లోనో వాడిన పాత పాస్‌వర్డ్ అయి ఉంటుంది. ఆ సైటు నుంచి బయటికి పొక్కిన జాబితాని కొనుక్కుని, లక్షల మందికి ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి పంపుతారు. మీ అడ్రస్ అలాంటి జాబితాల్లో ఉందో లేదో 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అనే ఉచిత సైటులో చూసుకోవచ్చు. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా సెక్యూరిటీ నిపుణుడు 2013లో మొదలుపెట్టాడు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే ఈరోజే మార్చండి, ప్రతి చోటా వేరే వేరేగా. మెయిల్ అకౌంట్‌కి రెండంచెల తనిఖీ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌లో కూడా ఒకసారి నిర్ధారించమనే ఏర్పాటు) పెట్టుకోండి.

డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా పంపకండి. పంపితే బెదిరింపు ఆగదు, ఇచ్చేవాడు దొరికాడని మళ్లీ వస్తాడు. ఇంట్లోవాళ్లకి చెప్పేయండి. ఈ వ్యాపారం సిగ్గు మీద నడుస్తుంది. బాబాయి మధ్యాహ్నానికి పిన్నికి చెప్పేశారు. ఆవిడ నవ్వి, "మిమ్మల్ని వీడియో తీసి చూసే ఓపిక ఎవరికుందండీ" అందట.

5. బ్యాంకు, ఇన్‌కంటాక్స్ పేరుతో వస్తే

ఇక్కడ మెయిల్ అసలుదా నకిలీదా అని తేల్చుకునే శ్రమే అక్కర్లేదు. మెయిల్‌ని పక్కన పెట్టి, మీకు తెలిసిన దారిలో మీరే వెళ్లండి. బ్యాంకు యాప్ తెరవండి, లేదా డెబిట్ కార్డు వెనక ఉన్న నంబర్‌కి ఫోన్ చేయండి. మెయిల్‌లో చెప్పింది నిజమైతే అక్కడ కూడా కనిపిస్తుంది.

బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబర్ 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చివరి పేరుకి మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే పని హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న, రిజర్వ్ బ్యాంకే పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానిదే. ఎవడు పడితే వాడు డబ్బు కట్టి కొనుక్కునే పేరు కాదది. సైటు పేరు చివర అది లేకపోతే లోపలికి వెళ్లకండి.

రిటర్నులు వేసే నెలల్లో 'మీ రీఫండ్ సిద్ధంగా ఉంది, బ్యాంకు వివరాలివ్వండి' అని మెయిళ్లు వస్తాయి. రీఫండ్ వచ్చేది ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీరు ముందే వ్యాలిడేట్ చేసిన ఖాతాలోకే. దానికోసం పిన్, ఓటీపీ, కార్డు నంబర్ అడగరు. ఆ శాఖ అడ్రస్‌ల ఇంటిపేరు 'ఇన్‌కంటాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్'. రిటర్ను చూశాక ఆ శాఖ పంపే అసలైన ఇంటిమేషన్ పీడీఎఫ్‌కి తాళం ఉంటుంది, మీ పాన్ చిన్న అక్షరాల్లో, పక్కన పుట్టినతేదీ కొడితే తెరుచుకుంటుంది. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకి ఇమ్మిగ్రేషన్ శాఖ పేరుతో వచ్చేవీ ఇదే కోవ. అక్కడి ప్రభుత్వ అడ్రస్‌లు 'డాట్ గవ్'తో ముగుస్తాయి, ఏ శాఖా గిఫ్ట్ కార్డుల్లో ఫీజు తీసుకోదు.

6. ఆఫీసులో అకౌంట్స్ చూసేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి

బాబాయి లాంటివాళ్లకి పోయేది నిద్ర. ఇక్కడ పోయేది లక్షలు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే సంస్థ ఒకటి ఉందనుకోండి. సరుకు ఓడెక్కింది, బయ్యర్ డబ్బు పంపాలి. అదే సమయానికి బయ్యర్‌కి వీళ్ల పేరుతో ఒక మెయిల్ వెళ్తుంది: "మా ఖాతాలో ఆడిట్ నడుస్తోంది, ఈసారికి ఈ కొత్త ఖాతాలో వేయండి." పాత ఇన్‌వాయిస్ నంబరు సరిగ్గానే ఉంటుంది, కింద సంతకం కూడా. బయ్యర్ డబ్బు వేసేస్తాడు. పదిహేను రోజుల తర్వాత 'డబ్బు రాలేదేమిటి' అని వీళ్లు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు.

దీనికి షో ఒరిజినల్ చాలదు. ఒక్కోసారి దొంగ నిజంగానే ఒకరి మెయిల్‌లోకి దూరి, వారాల తరబడి ఉత్తరాలు చదివి, అక్కడి నుంచే పంపుతాడు. అప్పుడు మూడు పరీక్షలూ పాస్ అవుతాయి. కాబట్టి నియమం ఒక్కటే పెట్టుకోండి: బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడాకే డబ్బు. మెయిల్ కింద ఇచ్చిన నంబర్‌కి చేయకండి, అది వాడిదే కావచ్చు. ఎండీ గారి పేరుతో "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు, వెంటనే పంపు" అని వచ్చినా ఇదే నియమం. ఇలా ఫోన్ చేసి అడిగినందుకు చిరాకు పడే ఎండీలున్నారు, నేను చూశాను. అలాంటి ఆఫీసులో ఈ నియమాన్ని ఎండీ చేతే సంతకం పెట్టించి గోడకి అంటించండి.

మెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ కూడా నెలకోసారి చూసుకోండి. లోపలికి దూరినవాడు మీ మెయిళ్లు తనకీ చేరేలా ఒక ఫార్వర్డింగ్ పెట్టుకుంటాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే ఉండిపోవచ్చు.

7. అప్పటికే నొక్కేసి ఉంటే

డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ వెంటనే బ్యాంకుకి. 'సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే, వాడు డ్రా చేసేలోపు ఆ డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడో చోట జరిగి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే బ్యాంకుకి చెప్పేవరకు పోయింది మీదే, చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే మొహమాటపడుతూ రేపటికి వాయిదా వేయకండి. డబ్బు పోకుండా పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చి ఉంటే, వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో దాన్ని మార్చి, అన్ని చోట్లా సైన్ అవుట్ చేయండి.

ఫిర్యాదుకి స్క్రీన్‌షాట్ ఒక్కటే ఇస్తే పోలీసులకి పెద్దగా ఉపయోగపడదు, మెయిల్ ఏ దారిన వచ్చిందో అందులో ఉండదు. మామూలుగా ఫార్వర్డ్ చేసినా ఆ వివరాలు పోతాయి. షో ఒరిజినల్ పేజీలో 'డౌన్‌లోడ్ ఒరిజినల్' ఉంటుంది. ఆ ఫైలు ఇవ్వండి. వేరొకరి వేషంలో కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది.

8. మీ పేరు పెట్టుకుని వాడు ఊరందరికీ పంపుతుంటే

ఒకరోజు మీ ఇన్‌బాక్స్ నిండా, మీరు పంపని మెయిళ్లు చేరలేదంటూ తిరుగుటపాలు వచ్చి పడతాయి. ఎవడో మీ అడ్రస్ రాసి వందలమందికి పంపాడు, చేరనివి మీ గుమ్మానికి తిరిగొస్తున్నాయి. 4లో చెప్పిన తనిఖీ ఒకసారి చేసుకోండి. అంతా సరిగ్గా ఉంటే ఇక మీరు చేయగలిగింది పెద్దగా లేదు. మామూలుగా కొద్ది రోజుల్లో అదే తగ్గిపోతుంది. బంధువుల గ్రూపులో మాత్రం ఒక మాట వేయండి.

మీకు సొంత డొమైన్ ఉంటే, స్కూలైనా షాపైనా, మీ సైటు చూసే అబ్బాయిని పిలిచి మూడు తాళాలూ వేయించండి. డీమార్క్‌లో మూడు మెట్లుంటాయి: నన్ అంటే ఊరికే గమనించు, క్వారంటైన్ అంటే స్పామ్‌లో వేయి, రిజెక్ట్ అంటే తిప్పికొట్టు. చాలామంది నన్ పెట్టి, పనైపోయిందనుకుని మరిచిపోతారు. కొన్ని వారాలు డీమార్క్ రిపోర్టులు చూసి, మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే మెయిళ్లు కూడా జాబితాలో చేరాయని తేలాక రిజెక్ట్ దాకా వెళ్లాలి. కొని వాడకుండా వదిలేసిన డొమైన్లకైతే మొదటి రోజే రిజెక్ట్ పెట్టేయొచ్చు.

చివరగా ఆ మెయిల్‌ని ఏం చేయాలి? ఫైలు దాచుకున్నాక మూడు చుక్కలు నొక్కి 'రిపోర్ట్ ఫిషింగ్' ఎంచుకోండి. ఇన్‌కంటాక్స్ పేరుతో వచ్చినదైతే 'వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కంటాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్'కి కూడా పంపండి. వేరొకరి అడ్రస్ రాసి పంపినదైతే 'బ్లాక్' మాత్రం నొక్కకండి. అక్కడున్నది ఆ దొంగ సొంత అడ్రస్ కాదు, వాడు వాడుకున్నవాళ్ల అడ్రస్. బ్యాంకు పేరుతో వచ్చినదాన్ని బ్లాక్ చేస్తే రేపు నిజంగా బ్యాంకు పంపేవి కూడా స్పామ్‌లోకి పోతాయి. మా బాబాయి ఆ తెల్లవారుజామున నాకు ఫోన్ చేసే ముందు చేసింది అదే, తన అడ్రస్‌ని తానే బ్లాక్ చేసుకుందామని అరగంట కుస్తీ పట్టారు.